ఐదో చక్రం ఎక్కడుంది?

పోయిన శనివారం మా బండి చూడ్డానికి ఒకాయన వచ్చాడు. వెంట ఏడెనిమిదేళ్ళ కూతురు. ఆయనా మావారూ టైర్లూ, పైకప్పూ, బ్యాటరీలూ చూసుకుంటూ ఉంటే ఆ పిల్ల బండి చుట్టూ రెండు ప్రదక్షిణాలు చేసి నా దగ్గరికి వచ్చింది. "ఫిఫ్త్ వీల్ అన్నారుగా, నాలుగే ఉన్నాయి. ఐదోది ఎక్కడ?" అని అడిగింది.

నవ్వేశాను. నవ్వాక చూసుకుంటే నా దగ్గర జవాబు లేదు. మావారిని అడిగితే "అదొక పేరు, అంతే" అన్నారు. నాలుగేళ్ళ నుంచి దానికి ఇన్సూరెన్సు కడుతున్నాం. అందులో వండుకున్నాం, జ్వరాలు పడ్డాం, పోట్లాడుకున్నాం, రాజీ పడ్డాం. పేరెందుకు వచ్చిందో ముగ్గురిలో ఒక్కరం కూడా అడగలేదు. ఆ రాత్రి పుస్తకాలూ పాత ఫోటోలూ ముందేసుకుని కూర్చున్నాను. వారమంతా అదే పని. ఆ పిల్లకి బాకీ పడ్డ జవాబే ఈ వ్యాసం.

ముందు ఇండియాలో ఉన్నవాళ్ళ కోసం బండి ఎలా ఉంటుందో చెప్పాలి. మాది 32 అడుగుల పొడవు. ఇంజను ఉండదు. పికప్ ట్రక్కు లాగాలి. మామూలు ట్రెయిలర్ని కారు వెనక బంపరు దగ్గర తగిలిస్తారు. దీన్ని అలా కాదు, ట్రక్కు వెనక తొట్టి మధ్యలో బిగించిన హిచ్ మీద కూర్చోబెడతారు. అందుకే బండి ముందు భాగం మేడలాగా పైకి లేచి ఉంటుంది. అందులో పడగ్గది. రెండు మూడు మెట్లు దిగితే బాత్రూమ్, ఇంకా దిగితే వంటిల్లూ హాలూ కలిపి ఒకే గది. ఆగాక మీట నొక్కితే ఒక పక్క గోడ సోఫాతో సహా బయటికి జరుగుతుంది. దాన్ని స్లైడ్ అవుట్ అంటారు. మొదటిసారి చూసినప్పుడు అగ్గిపెట్టె తెరుచుకున్నట్టు అనిపించింది.

ఇక పేరు సంగతి. మన ఎడ్లబండికి రెండే చక్రాలు. ఎడ్లు పక్కకి తిరిగితే కాడి తిరుగుతుంది, కాడితో నొగ, నొగతో బండి. అందులో చిక్కేమీ లేదు. నాలుగు చక్రాల గుర్రబ్బండితోనే చిక్కు. ముందు ఇరుసుని గట్టిగా బిగించేస్తే బండి తిన్నగా పోతుంది కానీ మలుపు తిరగదు. అందుకని ముందు ఇరుసుకీ పైన పెట్టెకీ మధ్య ఒక ఇనప చక్రాన్ని వెల్లకిలా పడుకోబెట్టారు. నడిమధ్య నిలువుగా ఒక లావుపాటి కడ్డీ, దాని పేరు కింగ్ పిన్. పెట్టె ముందు బరువంతా ఆ పడుకున్న చక్రం మీద ఉంటుంది. దాని కింద ఇరుసు అటూ ఇటూ తిరుగుతుంది. నేల మీద దొర్లేవి నాలుగు, నేలని ఎప్పుడూ తాకని ఈ చక్రం ఐదోది. బండి మలుపు తిరిగేది దాని వల్లే.

ఇంగ్లీషులో ఈ మాటకి ఇంకో అర్థం కూడా ఉంది. ఇద్దరున్న చోట మూడో మనిషిలా, అక్కర లేకుండా వెంట ఉండేవాళ్ళని ఫిఫ్త్ వీల్ అంటారు. ఈ అర్థం నాకు ముందే తెలుసు. దాని సంగతి తర్వాత చెప్తాను.

గుర్రాలు పోయి మోటార్లు వచ్చాక ఆ పడుకున్న చక్రం పోలేదు, చోటు మారింది. 1914లో డెట్రాయిట్‌లో ఫ్రెడరిక్ సిబ్లీ అనే కలప వ్యాపారి ఉండేవాడు. ఆయనకి తన పడవని ఉత్తర మిషిగన్‌లోని విడిదికి తీసుకెళ్ళాలని కోరిక. ఉన్నదేమో ఫోర్డు మోడల్ టీ కారు. గుర్రబ్బళ్ళు చేసే ఆగస్ట్ ఫ్రూహాఫ్ అనే కమ్మరి దగ్గరికి వెళ్తే, ఆయన కారు వెనక భాగం మీద ముందు కొస ఆనుకునేలా వెనక మాత్రమే చక్రాలుండే బండి చేసి పెట్టాడు. దానికి సెమీ ట్రెయిలర్ అని పేరు పెట్టారు. ఆ తర్వాత అదే పద్ధతిలో కలప మొయ్యడానికి ఇంకొన్ని చేయించుకున్నాడు సిబ్లీ. ఇవాళ హైవే మీద మనం చూసే పద్దెనిమిది చక్రాల లారీల వంశంలో పెద్దల్లో అదొకటి. అది సరుకు కోసం కాకుండా సెలవులకి పడవ మోసుకెళ్ళడం కోసం పుట్టిందని తెలిసి ముచ్చటేసింది.

సరుకుల బండిని ఇంటిగా మార్చిన వాళ్ళలో ముందు చెప్పుకోవాల్సింది గ్లెన్ కర్టిస్ గురించి. 1878లో న్యూయార్క్ రాష్ట్రంలోని హామండ్స్‌పోర్ట్‌లో పుట్టాడు. సైకిళ్ళ నుంచి మోటారు సైకిళ్ళకీ, అక్కణ్ణించి విమానాలకీ వచ్చాడు. 1908 జులై 4న జూన్ బగ్ అనే విమానంలో అందరూ చూస్తుండగా ఎగిరి బహుమతి గెలిచాడు. ఇలాంటి మనిషి తర్వాత ఫ్లోరిడా చేరి, 1920ల చివర్లో ఏరోకార్ అనే ఇల్లులాంటి ట్రెయిలర్ని అమ్మడం మొదలుపెట్టాడు. విమానం చట్రంలాగే తేలికైన చట్రం, లోపల పడుకోవడానికి బెర్తులు, చిన్న వంటిల్లు. లాగే కారు వెనక భాగంలో విమానం టైరు ఒకటి గాలి నింపి పడుకోబెట్టి, దాని నడుమ ట్రెయిలర్ ముందు కొసని కూర్చోబెట్టాడు. గతుకులు వస్తే ఆ టైరే మింగేసేది. గుర్రబ్బండి ఐదో చక్రం ఇనపది. కర్టిస్ దగ్గరికి వచ్చేసరికి అది రబ్బరు చక్రమైంది, కానీ పడుకునే ఉంది. 1930లో 52 ఏళ్ళకే ఆయన పోయాడు. ఆయన ఏరోకార్లు డబ్బున్నవాళ్ళవే.

డబ్బు లేనివాళ్ళు వేరే దారి చూసుకున్నారు. 1919లో ఫ్లోరిడాలోని టాంపాలో డెసోటో పార్కులో కార్లలో వచ్చి డేరాలు వేసుకున్నవాళ్ళంతా కలిసి ఒక సంఘం పెట్టుకున్నారు. పేరు టిన్ క్యాన్ టూరిస్ట్స్. రేడియేటరు మూత మీద ఒక డబ్బా అతికించుకోవడం వాళ్ళ గుర్తు. దారిలో డబ్బా తిండి తింటారని ఊళ్ళవాళ్ళు వెక్కిరిస్తే, ఆ వెక్కిరింతనే పేరుగా పెట్టుకున్నారు.

డెట్రాయిట్‌లో ఆర్థర్ షెర్మన్ అనే బాక్టీరియాలజిస్టు ఉండేవాడు. మడతపెట్టే క్యాంపు ట్రెయిలర్ ఒకటి కొని కుటుంబంతో బయల్దేరితే వాన పట్టుకుంది. డేరా విప్పేలోపు అందరూ తడిసి ముద్దయ్యారు. కోపం వచ్చి గట్టి గోడలతో తనే ఒకటి చేయించాడు. చూసినవాళ్ళంతా మాక్కూడా కావాలన్నారు. కవర్డ్ వాగన్ అని పేరు పెట్టి 1930లో డెట్రాయిట్ కార్ల ప్రదర్శనలో పెడితే, కొన్నేళ్ళలో దేశంలోకెల్లా పెద్ద ట్రెయిలర్ కంపెనీ అయింది. ఆ జోరు చూసి రోజర్ బాబ్సన్ అనే పేరున్న ఆర్థికవేత్త, ఇరవై ఏళ్ళలో అమెరికాలో సగం మంది ట్రెయిలర్లలోనే ఉంటారని జోస్యం చెప్పాడు. అది జరగలేదు. రెండో ప్రపంచ యుద్ధం వచ్చి షికారు ట్రెయిలర్ల తయారీ ఆగిపోయింది. చేసినవన్నీ యుద్ధ ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్ళకి ఇళ్ళుగా పోయాయి.

యుద్ధం అయ్యాక రోడ్లు వచ్చాయి. 1956లో ఐసెన్‌హోవర్ సంతకం పెట్టిన చట్టంతో 41,000 మైళ్ళ ఇంటర్‌స్టేట్ హైవేలకి పునాది పడింది. 1962లో సియాటిల్‌లో ప్రపంచ ప్రదర్శన జరిగింది. దానికి మోంటానాలోని బిల్లింగ్స్ మీదుగా వెళ్ళే కుటుంబాలు రాత్రిపూట ఎక్కడ ఆగాలో తెలియక తిరగడం డేవ్ డ్రమ్ అనే ఆయన గమనించాడు. ఎల్లోస్టోన్ నది పక్కన తన స్థలంలో రాత్రికి 1.75 డాలర్ల చొప్పున చోటిచ్చాడు. వేడినీళ్ళ స్నానం, చిన్న కొట్టు, బల్ల, పొయ్యి. అదే తర్వాత కేవోఏ అనే క్యాంపుల గొలుసైంది. రోడ్లూ, ఆగే చోట్లూ కుదిరాక, పొలాలకీ పనులకీ వాడే పికప్ ట్రక్కులు బలమైనవి రావడంతో 1960ల చివర, 70లలో తొట్టిలో హిచ్ బిగించే ఈ ఫిఫ్త్ వీల్ ట్రెయిలర్లు మామూలు జనం చేతికి వచ్చాయి.

ఇంతవరకూ చదివినప్పుడు చాలా సరదాగా ఉంది. ఆ తర్వాత కొన్ని పాత ఫోటోల దగ్గర ఆగిపోయాను. ఈ రోడ్డు అందరిదీ కాదు. హార్లెంలో ఉండే విక్టర్ గ్రీన్ అనే పోస్టుమాన్ 1936లో ఒక చిన్న పుస్తకం వేశాడు. నల్లవాళ్ళు ప్రయాణంలో ఏ ఊళ్ళో ఎక్కడ తినొచ్చు, ఎక్కడ పడుకోవచ్చు, ఎక్కడ పెట్రోలు పోస్తారు అనే జాబితా అది. ముప్ఫై ఏళ్ళు అచ్చయింది. సాయంత్రం పొద్దు గూకేలోపు నల్లవాళ్ళు ఊరు దాటిపోవాలని బోర్డులు పెట్టిన ఊళ్ళు ఉండేవి. వర్జీనియాలో షెనాండోవా నేషనల్ పార్కులో లూయిస్ మౌంటెన్ అనే చోటుని 1939లో నల్లవాళ్ళ కోసం విడిగా తెరిచారు. ఇవాళ అక్కడ ఎవరైనా డేరా వేసుకోవచ్చు.

మనమీ రోడ్డెక్కింది ఆ పోరాటాల తర్వాత. 1946 నుంచి ఇండియా మొత్తానికి ఏడాదికి వంద మందికే వలస వచ్చే వీలుండేది. పౌరహక్కుల చట్టం 1964లో, దేశాలవారీ కోటాలు తీసేసిన వలస చట్టం 1965లో వచ్చాయి. నా చిన్నప్పటి ఊహలో అమెరికా అంటే మంచి మార్కులొచ్చినవాళ్ళు వెళ్ళే చోటు. ఆ తలుపు తీయించినవాళ్ళు వేరే ఉన్నారని ఇంత ఆలస్యంగా తెలుసుకున్నందుకు కాస్త సిగ్గుగానే ఉంది.

ఈ బళ్ళలో ఎక్కువ భాగం తయారయ్యేది ఇండియానా రాష్ట్రంలోని ఎల్కార్ట్ ప్రాంతంలో. అక్కడ వీటికో మ్యూజియం ఉంది. 1913 నాటి ట్రెయిలర్ ఒకటి అందులో ఉంది. బళ్ళు అమ్ముడైతే ఆ ఊరికి పండగ, లేకపోతే పస్తు. 2009 ఫిబ్రవరిలో అక్కడ నిరుద్యోగం 15 శాతం దాటితే కొత్తగా గెలిచిన ఒబామా ఆ ఊరికే వెళ్ళాడు. ఆ ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్ళలో చాలామంది ఆమిష్ వాళ్ళు. వాళ్ళు కార్లు కొనుక్కోరు, ఇప్పటికీ గుర్రబ్బళ్ళే. ఆ గుర్రబ్బండి ముందు ఇరుసు మీద అసలైన ఐదో చక్రం ఇవాళ్టికీ ఉంది. దాన్ని తోలుకునేవాళ్ళు ఈ ఫిఫ్త్ వీల్స్ చేసి మనకి పంపుతున్నారు.

మేం కొన్నది 2021లో, సెకండ్ హ్యాండు. అప్పుడు నేను వద్దన్నాను. ఆ ఏడాది మే నెలలో నరసరావుపేటలో మా మామయ్యగారు కోవిడ్‌తో పోయారు. మావారు వెళ్ళలేకపోయారు. ఫోనులో చూశారు, అంతే. తర్వాత రెండు నెలలకి ఈ బండి తెచ్చి ఇంటి ముందు పెట్టారు. ఎందుకని అడిగితే సరైన సమాధానం రాలేదు. ఎక్కడికైనా, ఎప్పుడైనా బయల్దేరగలగాలి అని మాత్రం అన్నారు. సముద్రం దాటలేని బండి అది. ఆ మాట నేను పైకి అనలేదు.

కొన్నాక సామాను సర్దే పని నాదైంది. ఇక్కడే అసలు చదువు మొదలైంది. మా బండి ఖాళీ బరువు 9,500 పౌండ్లు. అన్నీ వేసుకున్నా 12,000 దాటకూడదు, అంటే సుమారు 5,400 కిలోలు. ఇంటి మొత్తానికి నాకిచ్చింది 2,500 పౌండ్లు. అందులో నీళ్ళ ట్యాంకు 50 గ్యాలన్లు. గ్యాలను నీళ్ళు 8.3 పౌండ్లు కాబట్టి నీళ్ళకే 415 పోయాయి. గ్యాసు, బ్యాటరీలు, పరుపులు, కుర్చీలు పోగా మిగిలిందాంట్లో వంటిల్లు. నేను ఇరవై పౌండ్ల బియ్యం, వెట్ గ్రైండరు, కుక్కర్లు రెండు, ఆవకాయ, గోంగూర, మాగాయ జాడీలు పెట్టాను. మావారు ట్రక్కులు ఆగే చోట కాటాకి ఎక్కించి చీటీ పట్టుకొచ్చారు. రాళ్ళు రెండూ దించేయమన్నారు. గ్రైండరు రాళ్ళన్నమాట.

లూసిల్ బాల్ నటించిన ఒక సినిమా 1954లో వచ్చింది, ద లాంగ్ లాంగ్ ట్రెయిలర్. అందులో ఆవిడ వెళ్ళిన ప్రతి చోటా గుర్తుగా ఒక పెద్ద రాయి తెచ్చి ట్రెయిలర్లో దాస్తుంది. కొండ ఎక్కేటప్పుడు ఆ బరువుకి మొగుడికి ప్రాణం పోయినంత పనవుతుంది. జనం నవ్వారు. నేను ఈ మధ్య చూస్తే నవ్వు రాలేదు. బండి నడుస్తుండగా భర్తకి వంట చేసి పెట్టాలని చూసి, పిండీ గిన్నెలూ మీద పడి ఆవిడ పడ్డ అవస్థ కూడా ఉంది అందులో. ఇల్లు మొత్తం కదిలిపోతున్నా వంటిల్లు మాత్రం ఆవిడదే.

బీఏలో ఏనుగుల వీరాస్వామయ్యగారి కాశీయాత్ర చరిత్ర గురించి చదువుకున్నాం. 1830 మే 18న మద్రాసులో బయల్దేరి 1831 సెప్టెంబరు 3న తిరిగొచ్చారు. పల్లకీలు, బోయీలు, డేరాలు, సుమారు వంద మంది పరివారం. ఏ మజిలీలో నీళ్ళున్నాయి, ఏ ఊళ్ళో ఏ సరుకులు దొరుకుతాయి అన్నీ రాసుకున్నారు. పరీక్ష కోసం చదివినప్పుడు ఆ వివరాలన్నీ విసుగ్గా అనిపించాయి. ఇప్పుడైతే నాకవే ముఖ్యం. ఈ రాత్రికి నీళ్ళెక్కడ, పొయ్యెక్కడ అనేది తేలాకే మిగతా యాత్ర.

ఫ్రిజ్ సంగతి చెప్పాలి. మా బండిలోది గ్యాసు మంట మీద నడుస్తుంది. నిప్పుతో చల్లబడడం ఏమిటని మొదట్లో నమ్మలేదు. 1922లో స్వీడన్‌లో ప్లాటెన్, మున్టర్స్ అనే ఇద్దరు విద్యార్థులు కనిపెట్టిన పద్ధతి ఇది. అమ్మోనియా కలిపిన నీటిని మంట వేడి చేస్తే అమ్మోనియా ఆవిరై విడిపోతుంది. అది చల్లారి మళ్ళీ ద్రవమై, లోపల ఆవిరవుతూ పెట్టెలోని వేడిని లాక్కుంటుంది. తిరిగి నీటిలో కలుస్తుంది. మోటారు లేదు, చప్పుడు లేదు. అంతా వాలు మీద జారుతూ పోవాలి కాబట్టి బండి సమతలంగా నిలబడాలి. ఒకసారి ఏటవాలుగా ఆపితే పొద్దున్నకి పెరుగు పులిసిపోయింది.

కరెంటు ఇంకో పాఠం. 30 ఆంపుల ప్లగ్గు అంటే మొత్తం 3,600 వాట్లు. ఏసీ నడుస్తుండగా మైక్రోవేవ్, మిక్సీ కలిపి వేస్తే చీకటే. పోపు పెడితే పొగ అలారం కూస్తుంది కనుక, పోపు పెట్టేముందు మా అబ్బాయి టవలు పట్టుకుని దాని కింద నిలబడేవాడు. వాడిన నీళ్ళకి రెండు ట్యాంకులు. సింకువీ స్నానంవీ గ్రే, దొడ్డివి బ్లాక్. గ్రే ట్యాంకు నిండితే స్నానాలు బంద్. మేం ముగ్గురం రెండు రోజుల్లో నింపేసేవాళ్ళం.

2022లో మా అత్తయ్యగారు మా దగ్గరికి వచ్చారు. వచ్చినప్పటి నుంచి మాటలు తక్కువ. మామయ్యగారి పేరు ఎత్తేవారు కాదు. డాలస్‌లో మా ఇంట్లో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కిటికీ దగ్గర కూర్చునేవారు. "మీ మధ్యలో నేనెందుకమ్మా, పంపించెయ్యండి" అని రెండుసార్లు అన్నారు. ఇందాక చెప్పిన రెండో అర్థం అప్పుడే నా మనసులోకి వచ్చింది. జూన్‌లో గ్రాండ్ కాన్యన్ వెళ్దామంటే మోకాళ్ళ నొప్పులని వద్దన్నారు. ఇల్లే వెంట వస్తుందని చెప్పి ఒప్పించాం.

అమరిల్లో, అల్బుకర్కీ, ఫ్లాగ్‌స్టాఫ్ మీదుగా వెయ్యి మైళ్ళ పైచిలుకు. మొదటి రాత్రే ఆవిడ చెంబూ చిన్న బకెట్టూ అడిగి తీసుకుని స్నానం కానిచ్చి బయటికొచ్చారు. ట్యాంకు ముల్లు కదల్లేదు. బియ్యం కడిగిన నీళ్ళతో గిన్నెలు తొలిచి, ఆ గిన్నెలు ఒక్క చెంబుతో కడిగేశారు. మాకు రెండు రోజులు వచ్చే నీళ్ళు నలుగురికి నాలుగు రోజులు వచ్చాయి. "మీకు బండి ఉంది గానీ బండిలో ఉండటం రాదు" అన్నారు. అది ఆవిడ వచ్చాక అన్న మొదటి పెద్ద మాట.

అక్కణ్ణించి మాటలు కలిశాయి. శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్ళకి గూడుబండిలో వెళ్ళేవాళ్ళట. బండిలో వరిగడ్డి పరిచి మీద బొంతలు. ఇరుసుకి వేలాడే లాంతరు. మూడు రాళ్ళ మీద వంట. ప్రభలు చూసి, బండి కిందే నిద్ర. బరువు గురించి మావారు ఏవో లెక్కలు చెప్తుంటే ఆవిడకి వెంటనే అర్థమైంది. "ముందు బరువెక్కువైతే ఎడ్ల మెడ మీద పడుతుంది, వెనకెక్కువైతే కాడి పైకి లేస్తుంది. అంతేగా!" అన్నారు. అంతే మరి. బంపరుకి తగిలించే ట్రెయిలర్ బరువులో పది, పదిహేను శాతం ముందు కొస మీద ఉండాలి. తక్కువైతే రోడ్డు మీద తోక ఊపుతుంది. ఫిఫ్త్ వీల్‌కి సుమారు ఇరవై శాతం ట్రక్కు ఇరుసు మీదే పడుతుంది, అందుకే ఇది నిలకడగా నడుస్తుంది. ఆవిడ ఎడ్ల మెడ దగ్గర తెలుసుకున్నది మావారు వీడియోల్లో నేర్చుకున్నారు.

తిరుగు ప్రయాణంలో, న్యూ మెక్సికోలో ఒక క్యాంపులో పొద్దున్నే బయల్దేరుతున్నాం. ట్రక్కుని వెనక్కి నడిపి కింగ్ పిన్ని హిచ్ దవడల్లోకి ఎక్కించాలి. దవడలు మూసుకున్నాయో లేదో కిందికి వంగి చూసి చెప్పడం నా పని. ఆ తర్వాత కాళ్ళు పూర్తిగా ఎత్తకముందే, బండి బ్రేకులు వేసి ట్రక్కుని కొంచెం ముందుకి లాగి చూడాలి. అత్తయ్యగారు మెట్ల దగ్గర పిలిస్తే అటు చూస్తూ "సరే" అనేశాను. మావారు లాగి చూడకుండానే కాళ్ళు ఎత్తేశారు. ట్రక్కు కదిలింది, బండి కదల్లేదు. పిన్ జారి, బండి ముందు భాగం మొత్తం ట్రక్కు తొట్టి అంచుల మీద పడింది. ఆ చప్పుడు ఇప్పటికీ చెవుల్లో ఉంది. తొట్టి రెండు పక్కలా నొక్కుకుపోయింది. బండి లోపల ఎవరూ లేరు. ఒక్క నిమిషం ముందైతే అత్తయ్యగారు ఉండేవారు.

మావారు నన్నొక్క మాటనలేదు. అదే భరించలేకపోయాను. నేనూ మాట్లాడలేదు. కాళ్ళు దింపి, బండిని లేపి, ట్రక్కు తీసి, మళ్ళీ మొదటి నుంచి తగిలించేసరికి రెండు గంటలు పట్టింది. అత్తయ్యగారు మడతకుర్చీలో కూర్చుని చూశారు. అంతా అయ్యాక, "మీ నాన్నా ఒకసారి ఇంతేరా" అన్నారు.

పెళ్ళైన కొత్తలో పుట్టింటి నుంచి ఆవిణ్ణి తీసుకొస్తూ మామయ్యగారు కడచీల పెట్టడం మర్చిపోయారట. మధ్య దారిలో చక్రం ఊడి పక్కన కాలవలోకి దొర్లింది. బండి ఒరిగి సారె సున్నుండలన్నీ దుమ్ములో పడ్డాయి. మామయ్యగారు పంచె పైకి కట్టి కాలవలో దిగి చక్రం తీస్తుంటే, ఒడ్డున కొత్త పెళ్ళికూతురు నవ్వాపుకోలేక చీర కొంగు నోట్లో కుక్కుకుందట. "మూడు రోజులు నాతో మాట్లాడలా. నేను నవ్వానని కోపం కాదు. తను మర్చిపోయాడని" అన్నారు. చెప్తూ చెప్తూ నవ్వారు, తర్వాత ఏడ్చారు. మామయ్యగారు పోయాక ఆవిడ ఏడవడం మేం చూసింది అదే. మావారు ఆవిడ పక్కన నేల మీద కూర్చున్నారు. నాన్న గురించి ఆయనకి తెలియని కథ అది. ఆ రోజు మధ్యాహ్నం దాకా మేం బయల్దేరలేదు.

ట్రక్కు సొట్టలు ఇప్పటికీ అలాగే ఉన్నాయి. బాగు చేయించమంటే మావారు వినరు.

ఈ బళ్ళలోనే బతికేవాళ్ళు కూడా ఉన్నారు. కే పీటర్సన్, జో పీటర్సన్ అనే భార్యాభర్తలు 1978లో అలాంటివాళ్ళ కోసం ఎస్కేపీస్ అనే సంఘం పెట్టారు. దాని కేంద్రం టెక్సస్‌లోని లివింగ్‌స్టన్‌లో. ఉత్తరాలకి అడ్రసు అక్కడే. తిరిగి తిరిగి ఒంట్లో ఓపిక అయిపోయినవాళ్ళు తమ బండిలోనే ఉంటూ సాయం పొందే చోటు కూడా అక్కడ ఉంది. ఇంకో వైపు, 2008 తర్వాత ఇళ్ళు పోగొట్టుకుని వ్యాన్లలో, ట్రెయిలర్లలో తిరుగుతూ, బీటు దుంపల కోతల్లో, పండగల ముందు గోదాముల్లో కూలికి వెళ్ళే పెద్దవాళ్ళ గురించి జెస్సికా బ్రూడర్ 2017లో నోమాడ్‌ల్యాండ్ అనే పుస్తకం రాసింది. అది సినిమా కూడా అయింది. మా పక్క సైట్లో ఆగిన వాళ్ళలో కోరి వచ్చినవాళ్ళెవరో, గతిలేక వచ్చినవాళ్ళెవరో చూసి చెప్పలేం. రెండు బళ్ళ ముందూ అవే మడతకుర్చీలు ఉంటాయి.

మా అబ్బాయి ఆగస్టులో కాలేజీకి వెళ్తున్నాడు. లెక్క చూస్తే పోయిన ఏడాది బండిలో పడుకున్నది పదకొండు రాత్రులు. నిలబెట్టినందుకు నెలనెలా అద్దె. నడవకపోయినా టైర్లు ముసలివైపోతాయి, పైకప్పు అతుకులు బీటలిస్తాయి. ఆ రోజు వద్దన్న నేను ఇప్పుడు అమ్మొద్దంటున్నాను. కొన్నాయన అమ్ముదామంటున్నారు. నరసరావుపేట ఫోన్ చేసి చెప్తే అత్తయ్యగారు ఏ మాత్రం ఆలోచించలేదు. "అమ్మెయ్యండమ్మా. నిలబెట్టిన బండి చెదలకి తప్ప ఎవరికీ పనికిరాదు. మనకి కావాల్సింది మనం తిరిగేశాంగా" అన్నారు.

ఆయన మళ్ళీ నిన్న వచ్చాడు, కూతుర్ని తీసుకుని. కాగితాల మీద సంతకాలయ్యాయి. బండి లోపల నావి తీసేశాను. కుక్కరు, పోపుల పెట్టె, అత్తయ్యగారి చెంబు. పెద్దవాళ్ళు డబ్బు సంగతి మాట్లాడుకుంటుంటే ఆ పిల్లని ఎత్తి ట్రక్కు తొట్టిలో నిలబెట్టాను. హిచ్ మీద గ్రీజు పూసిన ఇనప పలక చూపించాను. "ఇదే ఐదోది. ఇది నేలని తాకదు. దీని మీద కూర్చునే నీ ఇల్లు మలుపులు తిరుగుతుంది" అన్నాను. అలాగే దవడలు ఎలా మూసుకోవాలో చూపించి, "మీ నాన్న బయల్దేరే ముందు నువ్వు కిందికి వంగి ఇక్కడ చూడాలి. చూశాకే సరే అనాలి" అని రెండుసార్లు చెప్పించాను.

పిల్ల బుద్ధిగా చెప్పింది. చెప్పి, ఆ పలక మీద అరచెయ్యి ఆనించింది. చెయ్యంతా నల్లటి గ్రీజు. నా భుజం మీది వంటింటి గుడ్డతో తుడిచాను. ఒకసారికి పోలేదు.